బెల్లం కూర్చున్న చోట

ఆ శనివారం ఉదయం భ్రమరాంబ పెసరట్టు పిండి రుబ్బి, చట్నీలోకి కొబ్బరి తురుము తెద్దామని గరాజులోని ఫ్రీజర్ తలుపు తీసింది. గోంగూర, చిక్కుడుకాయ ప్యాకెట్లు పక్కకు జరుపుతుంటే అడుగున చిన్న గాజు సీసా ఒకటి చేతికి తగిలింది. అందులో నెత్తురు ఎండిన దూది, దాని మీద ఒక పన్ను.

ముందు సీసాని వెలుతురులోకి ఎత్తి చూసింది. తర్వాత ఆ పన్నుకున్న వెండి ఫిల్లింగ్ గుర్తుపట్టింది. అది తన మొగుడి దవడపన్ను. పోయిన నెలలోనే డెంటిస్టు దగ్గర పీకించుకుని వచ్చాడు.

"ఏమండీ, మీ పన్ను ఫ్రీజర్లో ఏం చేస్తోంది?" సీసా పట్టుకుని లోపలికి వచ్చి అడిగింది.

కేశవరావు ఐప్యాడ్‌లోంచి తల ఎత్తలేదు. కెనడాలోని ఈ ఎడ్మంటన్‌లో సివిల్ ఇంజనీరుగా చేసి రిటైరైన ఆయనకు అబద్ధం చెప్పడం ఏనాడూ చేతకాలేదు. "సుప్రజ అడిగింది. బెల్లం ట్రైనింగ్‌కి" అన్నాడు.

బెల్లం కూతురు సుప్రజ పెంచుకుంటున్న కుక్క. దాని తల్లి లాబ్రడార్, తండ్రి ఏ జాతో దాన్ని ఇచ్చిన సస్కటూన్ కుక్కల షెల్టరు వాళ్లకే తెలియదు. రంగు చూసి ఆ పేరు పెట్టింది భ్రమరాంబే. సుప్రజతో పనిచేసే వాలంటీర్ల నోట్లో అది 'బెల్లా' అయింది. తప్పిపోయిన మనుషులను వెతకడం దాని పని. మొన్న వసంతంలో, దారి మరిచి నది పక్క అడవిలోకి వెళ్లిపోయిన ఒక ముసలాయన్ని ప్రాణాలతో కనిపెట్టింది. కుక్కంటేనే గిట్టని భ్రమరాంబ ఆనాటి నుంచి రోజూ తన చేత్తో దానికి పెరుగన్నం కలిపి పెడుతోంది. ఎందుకో ఆమె ఎవరికీ చెప్పలేదు. చెప్పకపోయినా ఇంట్లో అందరికీ తెలుసు.

కిరీటి కోసం. మూడు శీతాకాలాల కిందట ఆమె కొడుకు స్నేహితులతో స్కీయింగుకని కొండల్లోకి వెళ్లాడు. మంచు చరియ విరిగిపడింది. మిగతావాళ్లు బయటపడ్డారు, కిరీటి దొరకలేదు. పోలీసులు కొన్నాళ్లు వెతికి ఆపేశారు. దొరకలేదంటే పోయినట్టు కాదని భ్రమరాంబ నమ్మకం. ఏటా అక్టోబరు రాగానే వాడి కారుకి మంచులో జారని వింటర్ టైర్లు వేయిస్తుంది. వచ్చాక వాడు ఇబ్బంది పడకూడదు కదా!

"బతికున్నవాళ్లని వెతికే కుక్కకి పీకిన పన్ను ఎందుకండీ?"

కేశవరావు ఐప్యాడ్ మూసి పక్కన పెట్టాడు. అప్పుడే బురద కాళ్లతో బెల్లం, దాని వెనకే సుప్రజ లోపలికి వచ్చారు. తల్లి చేతిలోని సీసాని చూసి సుప్రజ తలుపు దగ్గరే ఆగిపోయింది.

"అమ్మా, అది కింద పెట్టు. ప్లీజ్."

"దేనికే ఇది?"

"బెల్లానికి కొత్త వాసన ట్రైన్ చేస్తున్నా."

"ఏం వాసన?"

సుప్రజ తండ్రి వైపు చూసింది. ఆయన కళ్లు దించుకున్నాడు.

"పోయినవాళ్ల వాసన, అమ్మా. పీకిన పన్నుకీ అదే వాసన ఉంటుంది."

భ్రమరాంబ సీసాని గట్టు మీద పెట్టింది.

"అంటే తండ్రీ కూతుళ్లు కలిసి నా కొడుకుని చంపేశారన్న మాట. నా ఇంట్లోనే, నాకు తెలియకుండా!"

"వాడు నీకొక్కదానికే పోయాడా? నేను వాడి అక్కని కానా?" అంది సుప్రజ. "ప్రతి సమ్మర్ ఆ కొండ ఎక్కి వాడి పేరు పెట్టి అరిచాను. ఇంకెన్నాళ్లు అరవను? కనీసం ఏదో ఒకటి ఇంటికి తీసుకురానీ."

"ఏం తెస్తావే? ఎముకలు తెస్తావా? తెచ్చి నా చేతిలో పెడతావా?"

"నువ్వు ఒక్కసారి కూడా ఏడవలేదమ్మా. నాన్నని ఏడవనివ్వవు. ఈ ఇంట్లో వాడి పేరు ఎత్తాలంటే భయం నాకు!"

"ఇక ఆపండి!" అన్నాడు కేశవరావు. ఆయన గొంతు అంత పెద్దగా రావడం ఆ ఇంట్లో ఎవరూ ఎరగరు. తర్వాత మెల్లగా అన్నాడు. "భ్రమరా, బెల్లానికి వెనక కాళ్లు పట్టు తప్పుతున్నాయి. వచ్చే ఏడు అది కొండ ఎక్కలేదన్నారు డాక్టరు. రేపు ఆఖరుసారి వెళ్తున్నాం. నీకు రావాలనిపిస్తే రా."

ఆ రోజంతా ఆమె తన గదిలోంచి బయటికి రాలేదు. మర్నాడు పొద్దున్నే వాళ్లు బయలుదేరేసరికి మాత్రం కారులో వెనక సీట్లో కుక్క పక్కన కూర్చుని ఉంది.

"వాడు అక్కడ లేడని మీకు చూపించడానికి వస్తున్నా" అంది.

ఆ చోటు చూడటం ఆమెకు అదే మొదటిసారి. ఇన్నాళ్లూ ఆమె ఊహలో ఉన్నది దూదిలాంటి మంచు. దాన్ని దులుపుకుని లేచి ఎటో నడిచి వెళ్లిపోయిన కొడుకు. ఆగస్టు ఎండలో ఇప్పుడు మంచు లేదు. కొండ మీంచి వాగు దాకా బండరాళ్లు. మనిషి కౌగిలికి అందని చెట్లు మధ్యకి విరిగి, ఒకదాని మీద ఒకటి పడి ఉన్నాయి. భ్రమరాంబ ఒక మొద్దు మీద చెయ్యి వేసి నిలబడిపోయింది.

"వాసన దొరికితే అది కూర్చుంటుంది. అదే సిగ్నల్" అని చెప్పి సుప్రజ కుక్కని వదిలింది.

బెల్లం ముక్కు నేలకి ఆనించి అటూ ఇటూ తిరిగింది. రాళ్ల సందులు, వాగు ఒడ్డు, మొద్దుల కింద అంతా వెతికింది. కాళ్లు జారినా లేచి మళ్లీ మొదలుపెట్టింది. పొద్దు వాలింది. ఏమీ లేదు. ఇక వెళ్దామని కేశవరావు నోరు తెరిచేలోపు బెల్లం ఒక గులకరాళ్ల దిబ్బ మీద కూర్చుంది.

"నా తండ్రీ!"

ఆ కేక భ్రమరాంబది. మోకాళ్ల నొప్పి మరిచిపోయి పరుగెత్తింది. దిబ్బ మీద పడి రెండు చేతులతో రాళ్లు తవ్వసాగింది. గాజులు పగిలాయి, గోళ్లు చీలాయి.

సుప్రజ వచ్చి కుక్క నడుము తడిమి చూసింది.

"అమ్మా, ఆగు. అది సిగ్నల్ కాదు. దాని కాళ్లు పడిపోయాయి. అంతే. ఇక్కడేం లేదమ్మా."

భ్రమరాంబ ఆపలేదు. కేశవరావు పక్కన కూలబడి తనూ తవ్వాడు. కింద తడి ఇసుక, దాని కింద మళ్లీ రాళ్లు. చివరికి ఆమె చేతులు వాటంతట అవే ఆగిపోయాయి.

ఆ చేతులని చూసుకుంది. బతికున్న కొడుకు కోసం ఏ తల్లీ మట్టి తవ్వదు. లోపల ఎక్కడో తనకి ఎప్పుడో తెలుసు.

"లేడు" అంది. "ఇక్కడ లేడు. ఎక్కడా లేడండీ. నా బిడ్డ పోయాడు."

మూడేళ్ల ఏడుపు ఒక్కసారిగా వచ్చింది. కేశవరావు ఆమెని పొదివి పట్టుకుని, అడ్డు చెప్పేవాళ్లు లేక, తనూ బిగ్గరగా ఏడ్చాడు. ఆ ఏడుపు విని బెల్లం ముందుకాళ్ల మీద ఒళ్లు ఈడ్చుకుంటూ మళ్లీ వెతకడానికి లేవబోయింది. భ్రమరాంబ దాని తలని ఒళ్లోకి లాక్కుంది.

"చాలు తల్లీ. ఇంక వెతకొద్దు."

సుప్రజ దూరంగా నిలబడే ఉంది. "సారీ అమ్మా. వాడిని తేలేకపోయాను" అంది.

భ్రమరాంబ తలెత్తి కూతుర్ని చూసింది. ఆ వెనక ఉన్న కొండని, రాళ్లని, విరిగిన చెట్లని చూసింది.

"ఇన్నేళ్లూ ఇదంతా ఒక్కదానివే ఎక్కావుటే?" అంటూ నెత్తురు కారుతున్న చెయ్యి చాచింది.