పన్నెండో పచ్చచుక్క

భర్తమీద ఏ భార్యకైనా పదో పాతికో ఫిర్యాదులుంటాయి. సూది అనే ఈ ఇల్లాలికి ఉన్నది ఒక్కటే. ఆయన ప్రతి పనికీ ముందే 'అయిపోయింది' అంటాడు. వంటింటి కుళాయి మూడు నెలలుగా కారుతోంది. ప్రతి ఆదివారం స్క్రూడ్రైవర్ పట్టుకుని యుద్ధానికి బయల్దేరినట్టు వెళ్తాడు. తడిసిన బనీనుతో తిరిగొచ్చి 'అయిపోయింది' అంటాడు. వెళ్లి చూస్తే కుళాయి మెడకు పాత తువాలు ముక్క కట్టి ఉంటుంది. చేసేది లెక్కల మాస్టారు ఉద్యోగం. జవాబు సరిచూసుకోని పిల్లలకు మార్కులు కోసేది కూడా ఈయనే.

"ఆ గుడ్డకి మోక్షం ఎప్పుడండీ?" అంది ఆ ఉదయం చెప్పులు వేసుకుంటూ.

"ముట్టుకోకు. అయిపోయిందని చెప్పానుగా."

"ఆ, మీరు చెప్తే అయిపోయినట్టే."

బస్సెక్కినా చుక్క చప్పుడు ఆమె చెవిని వదల్లేదు. టప్. కాసేపాగి, మళ్లీ టప్.

ఆమె ఇన్సూరెన్స్ కంపెనీలో కంప్యూటర్లు చూస్తుందని ఆయన నమ్మకం. ఇన్సూరెన్స్ అన్నది బోర్డుమీద మాత్రమే. లోపల ఉన్నది గూఢచారి సంస్థ. 'సూది' ఆమె కోడ్‌నేమ్. సంస్థ సాఫ్ట్‌వేర్‌లో ఎక్కడ కన్నం బయటపడినా దానికో టికెట్టు, అంటే ఫిర్యాదు చీటీ, రాసి, అతుకు వేయించి, టికెట్టు క్లోజ్ చేయడం ఆమె పని.

"తలుపు వేసి రా," అన్నాడు చీఫ్. "గడియారాలాయన పోయాడు."

పొరుగుదేశంలో వాచీలు బాగుచేసే చిన్న కొట్టు పెట్టుకుని, పద్నాలుగేళ్లుగా సమాచారం పంపుతున్న ఏజెంట్ ఆయన. సూది ఆయన్ని ఎప్పుడూ చూడలేదు. రోజూ ఆయన మెసేజ్ మాత్రం చదివేది.

"ఎప్పుడు సార్?"

"నిన్న మధ్యాహ్నం. కొట్లోనే. రెండు బుల్లెట్లు. మన కొరియర్ కళ్లారా చూశాడు."

చీఫ్ తన స్క్రీన్‌ను ఆమెవైపు తిప్పాడు. పన్నెండు మంది ఏజెంట్లు, పన్నెండు చుక్కలు. ఉదయం తొమ్మిదీ పదికి ఎవరి క్షేమం వాళ్లు పంపితే వాళ్ల చుక్క పచ్చగా వెలుగుతుంది. పన్నెండోది గడియారాలాయనది. అది వెలుగుతోంది.

'అంతా క్షేమం. ఇక్కడ వాన లేదు.'

"ఇది నిన్నటిది కదూ?"

"ఇవాళ్టిది."

సూది ముంజేతిమీద రోమాలు లేచాయి. ఆ 'వాన లేదు' ఆయన మాటే. ఎండాకాలంలో కూడా అలాగే రాసేవాడు.

"దయ్యాలకి పాస్‌వర్డ్ ఉండదు," అన్నాడు చీఫ్. "ఆయన చనిపోయిన సంగతి మనకి తెలియకూడదని ఎవరో ఆయన పేరుతో పంపుతున్నారు. అంటే ఈ మెసేజ్‌లన్నీ వచ్చే మూడో నంబర్ సర్వర్ లోపల శత్రువుల ముఠా కూర్చుని ఉంది. నెలకోసారి అందరి కొత్త చిరునామాలూ ఆ సర్వర్‌కే వస్తాయి. పోయిన నెల వాళ్లు తలుపు తీసేసరికి మిగతావి చెరిగిపోయి ఆఖరి చిరునామా ఒక్కటే దొరికింది. గడియారాలాయనది. ఈ నెల మొదటి చిరునామానుంచే నోరు తెరుచుకుని ఉంటారు."

"ఈ నెల ఎప్పుడు?"

"ఇవాళే. సాయంత్రం నాలుగింటికి. పదకొండు మంది. ఆగండని చెప్పాలన్నా ఆ మిషన్‌లోంచే చెప్పాలి."

చీఫ్ అడిగాడు. "వాళ్లు దూరిన కన్నానికి ఏడు నెలల కిందటే అతుకు పడిందిగా? టికెట్టు ఎవరు క్లోజ్ చేశారు?"

"చూసి చెప్తాను సార్."

చూడక్కర్లేదు. ఆమెకు గుర్తుంది. శుక్రవారం, ఐదూ యాభై రెండు. ఆరింటికి బస్సు.

"ఇక్కణ్ణుంచి లాగిన్ అయితే వాళ్లకి తెలిసిపోతుంది. సర్వర్ల దగ్గరికి నువ్వే వెళ్లాలి. అక్కడ అత్తరు మేడమ్ కనబడితే కంగారు పడకు. ముఠాలో చేరి మనకి పనిచేస్తోంది. డబుల్ ఏజెంట్."

అత్తరు మేడమ్‌ని ఎరగనివాళ్లు ఆఫీసులో లేరు. బయటినుంచి వచ్చే సెక్యూరిటీ ఆడిటర్. నల్లకళ్లద్దాలు, ఎత్తు మడమలు. మనిషి కంటే నిమిషం ముందు పరిమళం వస్తుంది. ఆమె రిపోర్టుల్లో అన్నీ పచ్చగా ఉంటాయి. అందుకే మగవాళ్లందరికీ ఆడిట్లంటే ప్రాణం.

గాడ్జెట్ల విభాగంవాడు సూదికి ఒక తలక్లిప్పు ఇచ్చాడు. సర్వర్‌కి గుచ్చితే లోపల ఏమేం నడుస్తున్నాయో లాగిన్ లేకుండానే చూపిస్తుంది. "జుట్టుకి కూడా పెట్టుకోవచ్చా?" అంది. "జారిపోతుందండీ," అన్నాడు నిజాయితీగా.

మూడున్నరకు, నీలం కోటూ మూతికి మాస్కూ వేసుకున్న ఏసీ మెకానిక్ ఒకామె ఊరి చివర సర్వర్ల భవనం ముందు నిలబడింది.

"ఫిల్టర్లు ఎన్నాళ్లకోసారి?" అన్నాడు గార్డు.

"దుమ్ము అడిగినప్పుడల్లా."

కోడ్ సరిపోయింది. గేటు తెరుచుకుంది.

లోపల మంచుగడ్డలాంటి చలి. కిటికీ లేదు. వరసగా నల్లబీరువాలు, వాటినిండా రెప్పలార్పే దీపాలు. పైన ఏసీ గొట్టంలోంచి బకెట్‌లోకి నీళ్లు పడుతున్నాయి. టప్. ఇంట్లోంచి వెంటబడి వచ్చినట్టుంది.

మూడో నంబర్ సర్వర్ మీద స్టిక్కర్. 'దీన్ని ఆపొద్దు. ఆపితే మళ్లీ లేవదు.' ఆఫీసులో అందరికీ అది దేవుడి ఆజ్ఞ. ఏ అతుకు వేసినా అన్నిటినీ రీస్టార్ట్ చేసేవాళ్లు, దీన్ని తప్ప. ఎవరు అంటించారని అడిగినవాళ్లు లేరు.

క్లిప్పు గుచ్చింది. చేతిలో చిన్న స్క్రీన్ వెలిగింది.

డిస్క్‌లో కొత్త ప్రోగ్రాం ఉంది. జాబితాలో కొత్త వెర్షన్ నంబరూ ఉంది. ఆ శుక్రవారం సూది చూసింది ఆ నంబరునే. చూసి క్లోజ్ కొట్టి, బస్సు పట్టుకుంది. కానీ మిషన్ ఆపనే లేదు కాబట్టి మెమరీలో నడుస్తున్నది పాత ప్రోగ్రామే. పాత కన్నంతో సహా. దాని ఫైలు చెరిగిపోయి ఏడు నెలలైంది. చచ్చిపోయింది, ఆ సంగతి ఎవరూ చెప్పలేదు గనక తిరుగుతూనే ఉంది.

తను మూసింది టికెట్టును. కన్నాన్ని కాదు. అందులోంచి వెళ్లి రెండు బుల్లెట్లు కాల్చారు.

టప్.

పరిమళం వచ్చింది. నిమిషానికి మనిషి వచ్చింది.

"ఏసీ బాగానే ఉందే, సూదీ," అంది అత్తరు మేడమ్. హ్యాండ్‌బ్యాగ్‌లోంచి లిప్‌స్టిక్ తీసినంత తేలిగ్గా పిస్టల్ తీసింది. "దూరంగా జరుగు తల్లీ. ఇంకెంత, పది నిమిషాలు."

"చీఫ్‌గారు నిన్ను మా మనిషనుకుంటున్నారు."

"ఆయన మంచివాడు. ఏది పచ్చగా కనిపించినా నమ్ముతాడు." ఆమె కళ్లద్దాలు నుదుటిమీదికి తోసింది. "ఒక మాట చెప్పనా? ఆ టికెట్టు ఎవరు మూశారో నేను చూశాను. నాలుగు దాటాక ఆ పేరు చెరిపేస్తాను. ఏడేళ్ల సర్వీసు, మంచి పేరు. ఇంటికెళ్లి వంట చేసుకో. ఎవరికీ తెలియదు."

ఆ మాట విన్న అరక్షణంలో తనకు ఎంత హాయిగా అనిపించిందో, అది సూదిని పిస్టల్ కంటే ఎక్కువ భయపెట్టింది.

"ఆపాలని చూడకు. ఆపితే లేవదు. మీవాళ్ల మెసేజ్‌లకి జవాబు రాకపోతే పాత ఫోన్ లైన్‌కి వెళ్తారు. అక్కడా మేమే ఉన్నాం. స్టిక్కర్ చదివావుగా?"

చదివింది. మళ్లీ చదివింది. 'ద'కు ఆ తోకమెలిక. ఆడిట్ రిపోర్టుల కింద ఏడాదిగా చూస్తున్న చేతిరాత.

"ఇది అంటించింది నువ్వే," అంది సూది. "అంటే లేస్తుందన్నమాట."

మాటల్లో ఉండగానే పవర్ తీగను చెప్పుకు చుట్టుకుంది. ఇప్పుడు కాలు లాగింది. మూడూ యాభై రెండు.

దీపాలు ఆరిపోయాయి. సైరన్ మొదలైంది. గార్డుల బూట్లు పరుగెత్తుకొస్తున్నాయి. ఇప్పుడు కాల్చి లాభం లేదని అత్తరు మేడమ్‌కు అర్థమైంది. దండగ పని చేసే మనిషి కాదు. పిస్టల్ నేలమీద పెట్టి, కళ్లద్దాలు కిందికి దించుకుని, చేతులెత్తింది.

సూది తీగ మళ్లీ గుచ్చింది. స్క్రీన్ నల్లగా ఉంది. యాభై నాలుగు. నల్లగానే ఉంది. యాభై ఆరు. బకెట్‌లో చుక్కలు లెక్కపెట్టింది. యాభై ఎనిమిది. ఒక తెల్లగీత మెరిసింది. కొత్త ప్రోగ్రాం మొదటిసారి ఊపిరి పీల్చుకుంది.

సరిగ్గా నాలుగింటికి, చిరునామాలు అందినకొద్దీ చేతి స్క్రీన్‌మీద చుక్కలు వెలగడం మొదలైంది. ఒకటి. నాలుగు. తొమ్మిది. పదకొండు.

పన్నెండోది వెలగలేదు. ఆమె చాలాసేపు దానికేసి చూసింది. నిన్న మధ్యాహ్నం చనిపోయిన మనిషి ఆమెకు ఇప్పుడు చనిపోయాడు.

"రిపోర్టు రాసెయ్," అన్నాడు చీఫ్ ఫోన్‌లో. "'క్లోజ్ చేసినవారు' అన్న గడిలో అత్తరు మేడమ్ పేరు వేసేద్దాం. మిగతా నేరాలన్నీ ఆవిడవే కదా."

"ఇంటికెళ్లి పంపుతాను సార్."

ఇల్లు నిశ్శబ్దంగా ఉంది. భర్త పేపర్లు దిద్దుతున్నాడు. ఆమె తిన్నగా వంటింట్లోకి వెళ్లి కుళాయి గుడ్డ విప్పింది. నిలబడింది. ఒక్క చుక్క పడలేదు. ఎంతసేపు నిలబడినా పడలేదు.

"ఎప్పుడు బాగైంది?"

"పోయిన ఆదివారం. కొత్త వాషర్ వేశాను. పూసిన జిగురు ఆరేదాకా వారం రోజులు గుడ్డ కట్టి ఉంచమన్నాడు కొట్టతను. చెప్పానుగా అయిపోయిందని. నువ్వెప్పుడు చూశావ్ కనక?"

నాలుగు రోజులుగా కారని కుళాయిని రోజంతా విన్నది.

"తప్పు నాదేనండీ."

"ఏంటీ? గట్టిగా చెప్పు. క్యాలెండర్‌లో రాసుకోవాలి."

ఆమె నవ్వలేదు. ఫోన్ తీసి చీఫ్ నంబర్ నొక్కింది.

"సార్, ఆ గడిలో నా పేరే వేయండి. మూసింది నేను. చూడకుండా మూశాను. తప్పు నాది."

ఒకే సాయంత్రం భార్య నోట ఆ మాట రెండోసారి విన్న భర్త, పెన్ను పక్కన పెట్టి థర్మామీటర్ వెతకడానికి లేచాడు.