బావ బండి ఉన్న షెడ్డు

ఆ షెడ్డులో ఏ ఇంజనూ బతకదని వీధి మొత్తానికీ తెలుసు.

వీధి చివరి ఇంటి వెనక ఉంటుంది. ఇటుక గోడలు, రేకుల కప్పు, ముందు ఇనుప షట్టరు. కిటికీ అంటూ లేదు. ఆ ఇంటాయన రెండేళ్ల క్రితం ఒక రాత్రి అందులోనే పోయాడు. గుండె ఆగిందని భార్య చెప్పింది. ఆవిడ మొహం చూసి ఇంకెవరూ గుచ్చి గుచ్చి అడగలేదు.

ఆ తర్వాత ఎదురింటి వ్యాను డ్రైవరు తన స్కూటరు నాలుగు రోజులు అందులో పెట్టుకున్నాడు. నాలుగు రోజులూ పొద్దున్నే అది మొరాయించింది. ఐదో రోజు వీధిలోకి తోసుకొచ్చి కొడితే ఒక్క కిక్కుకే అందుకుంది. ఇంకేముంది… లోపలున్న మనిషి తన బండి పక్కన ఇంకో బండిని బతకనివ్వడని పేరు పడిపోయింది.

నాకీ సంగతి చెప్పింది పోయినాయన బావమరిది. మా కంపెనీలో లిఫ్టులు బాగుచేస్తాడు, అందరం లిఫ్టాయన అంటాం. కల్పించి చెప్పే రకం కాదు. లిఫ్టులో ఇరుక్కున్నవాళ్లకి "ఐదు నిమిషాలు" అన్నాడంటే సరిగ్గా ఐదు నిమిషాలకి తలుపు తీస్తాడు.

బదిలీ మీద ఆ ఊరొచ్చినప్పుడు అక్క మేడమీద గది ఇచ్చింది. ప్రేమతో కాదు, కాదనలేక. ఆమెకి అతని మీద పీకల దాకా కోపం. కొండలెక్కే బండి పిచ్చి తన మొగుడికి అంటించింది ఈ తమ్ముడేనని. అన్నం వడ్డించేది, మాట్లాడేది కాదు. ముందు గదిలో మిషను వేసుకుని స్కూలు యూనిఫారాలు కుడుతూ కూర్చునేది.

షెడ్డులో టార్పాలిన్ కింద బావ బండి అలాగే ఉంది. అది రోడ్డు మీద తిరిగే బండి కాదు. రాళ్లమీదా వాగుల్లోనూ దూకే బండి. ఎత్తు సీటు, గడ్డలు గడ్డలుగా తేలిన టైర్లు, హెడ్‌లైటు కూడా లేదు. ఆదివారం కొండ పందెం ఉంది. బావ మూడుసార్లు దిగి, ఒక్కసారీ చివరిదాకా పోలేకపోయిన పందెం. అదే బండి మీద దాన్ని పూర్తిచేయాలని లిఫ్టాయన మనసులో పడింది.

"షెడ్డు తాళాలియ్యక్కా," అన్నాడు.

ఆమె సూదిలో దారం ఎక్కిస్తూ తల కూడా ఎత్తలేదు. "మేకుకున్నాయి. ఆ చప్పుడు మాత్రం నా చెవిన పడకూడదు."

అందుకని లోపలికి వెళ్లాక షట్టరు నడుమెత్తుకి దించుకునేవాడు. పగలంతా డ్యూటీ, దొరికేది రాత్రే.

మొదటి రాత్రి ట్యాంకు అడుగున పాడైపోయిన పెట్రోలు ఒంపేసి కొత్తది పోశాడు. కార్బ్యురేటరు విప్పి, సూదిమొనంత సందులున్న జెట్లు ఊది శుభ్రం చేశాడు. గాలి ఫిల్టరు స్పాంజి కడిగి, ఆరబెట్టి, నూనె పట్టించాడు. ప్లగ్గు మార్చాడు. ఏడో కిక్కుకి ఇంజను అందుకుంది.

ఇంట్లో కుట్టుమిషను ఆగిపోయింది.

సరిగ్గా ఎనిమిది నిమిషాలు. బండి రెండుసార్లు దగ్గి… చచ్చిపోయింది.

ఇంట్లో మిషను మళ్లీ మొదలైంది. టకటకటక… ఆ టకటకలో కూడా అతనికి వెటకారమే వినిపించింది.

రెండో రాత్రీ అంతే. ప్లగ్గు విప్పి చూస్తే నిప్పురవ్వ నీలంగా, నిక్షేపంలా ఉంది. పెట్రోలు ఉంది. గాలి ఉంది. పావుగంట ఆగి కొడితే లేస్తుంది. ఎనిమిది నిమిషాలకి మళ్లీ పోతుంది… ఎవరో పట్టుకుని గొంతు నులిమినట్టు.

మూడో రాత్రి తల దిమ్ముగా ఉంది. పానా కోసం వంగినప్పుడు, మూలనున్న బోర్లించిన బకెట్టు మీద ఎవరో కూర్చున్నట్టనిపించింది. తిరిగి చూస్తే టార్పాలిన్ మడత. నవ్వుకున్నాడు. కానీ ఆ తర్వాత ఆ మూలకి వీపు పెట్టి పనిచేయలేకపోయాడు.

నాలుగో రాత్రి ఇంజను చచ్చాక, పెట్రోలు ఎంతుందో చూద్దామని ట్యాంకు మూత తిప్పాడు.

'సుయ్‌…'

పక్కనే ఎవరో ఊపిరి లోపలికి పీల్చుకున్నట్టు. ఒళ్లు జల్లుమంది. మూత చేత్తో పట్టుకుని అలాగే నిలబడిపోయాడు.

కాసేపటికి అతనిలోని మెకానిక్కు తేరుకున్నాడు. ఊపిరి పీల్చింది ట్యాంకే. మూత మీద సన్నటి రబ్బరు గొట్టం ఒకటుంటుంది. పెట్రోలు కిందికి దిగేకొద్దీ దాంట్లోంచి లోపలికి గాలి రావాలి. రాకపోతే ట్యాంకు బిగబట్టుకుంటుంది, పెట్రోలు దిగదు, ఇంజను ఆగుతుంది. గొట్టం పీకి తీగతో పొడిస్తే ఎండిన మట్టి పొడిపొడిగా రాలింది. ఈ రెండేళ్లలో మట్టిగూడు కట్టే కందిరీగ ఏదో అందులో కాపురం పెట్టింది.

పెద్దగా నవ్వేశాడు. మూడు రాత్రులు బావకి భయపడితే, చివరికి పురుగు.

"ఎందుకా నవ్వు?"

షట్టరు అవతల నుంచి అక్క గొంతు. నడుము నుంచి కిందికే కనిపిస్తోంది. చీర కుచ్చిళ్లు, చెప్పులు. రెండేళ్లలో ఆమె షెడ్డుకి అంత దగ్గరగా రావడం అదే మొదటిసారి.

"బండి రోగం దొరికిపోయిందక్కా. బాగుపడింది."

"బాగుపడిందా… ఇక ఎంతసేపు నడుస్తుంది?"

"ట్యాంకు ఖాళీ అయ్యేదాకా."

చెప్పులు కాసేపు కదల్లేదు. తర్వాత వెనక్కి తిరిగి వెళ్లిపోయాయి.

అతను కిక్కు కొట్టాడు. ఎనిమిది నిమిషాలు దాటింది. పది… పదిహేను. ఇంజను ఆగలేదు. ఆ హుషారులో పనిమీద పని అందుకున్నాడు. చెయిను బిగించాడు, నూనె వేశాడు, క్లచ్చు వైరు సర్దాడు, చక్రాల కమ్మీలు ఒక్కొక్కటీ వేలితో మీటి చూశాడు. ఇంజను మోతకి చెవులు నిండిపోయి ఉన్నాయి. షట్టరు వైపు చూడనేలేదు.

ముందు వేళ్లు మొద్దుబారాయి. పానా జారి కాలిమీద పడింది… నొప్పి తెలియలేదు.

అప్పుడు చూశాడు.

బకెట్టు మీద మనిషి. ఈసారి మడత కాదు. బావే. వెన్ను ఇటు, మొహం గోడకి. మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని, ఇంజను మోత వింటున్నట్టు తల ఒక పక్కకి వాల్చి…

"ఆపకు," అన్నాడు బావ. గుసగుసలా, చాలా నెమ్మదిగా. "ఇంకాసేపు ఉండనీ… కూర్చో."

కూర్చోవాలనిపించిందట. ఎన్నేళ్లుగానో నిలబడి ఉన్నంత అలసట. మోకాళ్లు వాటంతటవే వంగాయి. కూలబడుతూ షట్టరు వైపు చూశాడు.

నడుమెత్తున ఉండాల్సిన షట్టరు నేలకి ఆని ఉంది.

పాక్కుంటూ వెళ్లాడు. అంచు కింద వేళ్లు దూర్చాడు. ఎత్తడానికి చేతుల్లో సత్తువ లేదు. వెనక నుంచి అదే గుసగుస… "కూర్చో…"

ఆ తర్వాత ఇనుము గరగరమంటూ పైకి లేచిన చప్పుడు గుర్తుంది. ఎవరో కాలరు పట్టుకుని పెరట్లోకి ఈడ్చారు. చల్లగాలి మొహానికి కొట్టి వాంతి చేసుకున్నాడు. లోపల ఇంజను ఆగింది. ఆపే బటన్ ఎక్కడుందో వెతుక్కోకుండానే అక్క ఆపేసింది.

తెల్లారేసరికి ఆసుపత్రిలో ఉన్నాడు, ముక్కుకి ఆక్సిజన్ గొట్టంతో. డ్యూటీ డాక్టరు అక్షింతలు వేసి మరీ చెప్పాడు. మూసిన గదిలో ఇంజను నడిపితే పొగలో కంటికి కనపడని విషవాయువు ఉంటుంది, అది తలకెక్కితే లేని మనుషులు కనిపిస్తారు, లేని మాటలు వినిపిస్తాయి, ఇంకో పది నిమిషాలైతే ఆ కనిపించినవాళ్లతోనే వెళ్లిపోయేవాడివి అని. అంటే ఆ మూడు రాత్రులూ అతన్ని కాపాడింది ఆ పురుగు పెట్టిన మట్టే.

డాక్టరు వెళ్లాక అక్క మంచం పక్కన స్టూలు మీద కూర్చుంది. నిద్రలేక కళ్లు ఎర్రగా ఉన్నాయి. కోపం మాత్రం ఎక్కడికీ పోలేదు.

"మీ బావది గుండె కాదు," అంది. "ఇదే."

అతను గొట్టం పక్కకి జరిపాడు. "నాకు చెప్పలేదేం?"

"చెబితే షట్టరు ఎవరు దించారని అడుగుతావు కదా."

వార్డులో ఎవరో దగ్గారు. ఆ దగ్గు ఆగేదాకా ఆగింది.

"నేనే దించాను. ఆ రాత్రి బాగా గొడవపడ్డాం. చప్పుడు ఆపమన్నాను, ఆపలేదు. నీ బండితోనే చావు అని షట్టరు నేల దాకా లాగేసి, వెళ్లి పడుకున్నాను. ఇలా అవుతుందని నాకు తెలీదురా. పొద్దున చప్పుడు లేదేంటని వెళ్లి చూస్తే…"

ఆమె ఏడవలేదు. తమ్ముడూ చెయ్యి పట్టుకోలేదు.

చివరికి అతనే అడిగాడు. "అక్కా… నిన్న షట్టరు నేను నడుమెత్తుకే వదిలాను."

అక్క తన అరచేతులు తిప్పి చూసుకుంది. షట్టరు తుప్పు రెండింటికీ అంటి ఉంది.

"ఎత్తింది నేనేరా," అంది మెల్లగా. "నాకు అంతవరకే గుర్తుంది."