తిప్పి చూడని పిడి

'ఠప్'మన్న చప్పుడు వినగానే గలగలా వాగుతుందని ఇంట్లో అందరూ వసపిట్ట అని పిలిచే పిల్ల రంగు పెన్సిళ్లు వదిలేసి వంటింట్లోకి పరిగెత్తింది.

కొత్త స్పైరల్ స్లైసర్ గట్టు మీద ఒరిగిపోయి ఉంది. క్యారెట్‌ని సన్నటి తీగల్లా కోసే మిషన్ అది. దాని పిడి మాత్రం ఊడి అమ్మమ్మ చేతిలో ఉంది.

"అయ్యో, కొత్తది! విరగ్గొట్టేశానే" అంది అమ్మమ్మ. "పాడు చెయ్యి. ఎంత బలం పెట్టాలో కూడా దీనికి తెలీడం లేదు."

అమ్మమ్మ మణికట్టు విరిగితే వేసిన కట్టు ఈమధ్యే విప్పారు. చాకు పట్టుకుంటే వేళ్లు వణుకుతున్నాయి. అయినా ఊరికే కూర్చోలేనని పోరు పెడితే, అమ్మ ఈ స్లైసర్ తెప్పించింది. వీధి మలుపులోని షాపులో చూసి ఎంచుకునే పని వసపిట్టకి అప్పజెప్పింది.

"పై మెరుగులు చూసి మోసపోకు. పిడి తిప్పి చూడు. అడుగు గట్టుకి అతుక్కుంటోందో లేదో చూడు" అని మరీ మరీ చెప్పింది.

వసపిట్ట అవేమీ చూడలేదు. చిలకపచ్చ రంగుది కనబడగానే మనసు పారేసుకుంది. "తెరిచి చూపించనా?" అని షాపావిడ అడిగితే, "వద్దు ఆంటీ, మా ఫ్రెండ్స్ ఆట మొదలెట్టేస్తారు" అంది. ఇంటికొచ్చాక అమ్మ అడిగితే, "ఓ! పదిసార్లు తిప్పి చూశాను" అని కోతలు కోసింది.

ఇప్పుడు నిజం నాలుక చివరిదాకా వచ్చింది. అంతలో అమ్మ వచ్చింది.

"నీ చేతికింకా పట్టు రాలేదమ్మా. కొన్నాళ్లు కూరల జోలికి రాకు, నేను చూసుకుంటాను" అంది.

అమ్మమ్మ చెయ్యి ఒళ్లో పెట్టుకుని కిటికీ పక్కన కూర్చుండిపోయింది. వసపిట్ట తేలుకుట్టిన దొంగలా నిలబడిపోయింది.

రాత్రి భోజనాల దగ్గర అమ్మ అడిగింది. "ఏమే, బెల్లం కొట్టిన రాయిలా కూర్చున్నావు?"

వసపిట్ట అమ్మమ్మ వైపే చూస్తోంది. నిన్నటిదాకా కుడిచేత్తో తిన్న అమ్మమ్మ, ఇవాళ ఎడంచేత్తో చెంచా పట్టుకుంది. వసపిట్ట చేతిలో ముద్ద కంచంలో పెట్టేసింది.

"తప్పు అమ్మమ్మ చేతిది కాదమ్మా" అంది మెల్లిగా. "నేను పిడి తిప్పి చూడలేదు. పెట్టె కూడా తెరవలేదు. రంగు బాగుందని తెచ్చేశాను."

"మరి పదిసార్లు తిప్పానన్నావు?"

"అబద్ధం చెప్పాను."

చెవులు వేడెక్కాయి. తల ఎత్తలేకపోయింది. అమ్మ కేకలేసినా బాగుండేది. వెయ్యలేదు. అమ్మమ్మ తన కుడిచేతి వైపు చూసుకుంది.

"పొద్దుట్నుంచీ దీన్నే తిట్టుకుంటున్నానే" అంది.

ఆ మాట చెంపదెబ్బకంటే గట్టిగా తగిలింది. వసపిట్ట లేచి వెళ్లి ఆ చేతిని రెండు చేతులతో పట్టుకుంది.

మర్నాడు అమ్మమ్మని వెంటబెట్టుకుని షాపుకి వెళ్లింది.

"మళ్లీ వచ్చావేం? ఇంకో చిలకపచ్చదా?" అంది షాపావిడ నవ్వుతూ.

వసపిట్ట ముఖం కందిపోయింది. "కాదు ఆంటీ. ఈసారి అన్నీ తెరిచి చూపించండి."

ఒకదాని పిడి లొడలొడలాడింది. ఇంకొకటి కౌంటర్ మీద జారిపోయింది. మూడోది బూడిదరంగుది, చూడ్డానికి మొద్దులా ఉంది. కానీ పిడి లోపల స్టీలు కడ్డీ ఉంది. అడుగు నొక్కితే, ఎంత లాగినా కదల్లేదు. పక్కనే సీతాకోకచిలుకల బొమ్మలున్న స్లైసర్ ఒకటి మెరుస్తోంది. వసపిట్ట దానివైపు ఒకసారి చూసి, చూపు తిప్పుకుంది.

సంచిలోంచి క్యారెట్ తీసి బూడిదరంగు దానికి గుచ్చింది. తను పక్కకి జరిగింది.

"నువ్వు తిప్పు అమ్మమ్మా. వాడేది నువ్వేగా."

అమ్మమ్మ జంకింది. "మళ్లీ విరిగితేనో?"

"విరిగితే దాని తప్పు. మనం కొనం."

అమ్మమ్మ కుడిచెయ్యి చాపింది. పిడి మెల్లిగా తిరిగింది. క్యారెట్ తీగ తెగకుండా పొడుగ్గా జారుతూ వచ్చింది. ఎంత ఆలస్యమవుతున్నా వసపిట్ట తొందరపెట్టలేదు, చెయ్యి కూడా వెయ్యలేదు.

"ప్యాక్ చేసేయనా?" అంది షాపావిడ.

"ఉండండి ఆంటీ" అంటూ వసపిట్ట సంచిలోంచి పెద్ద బీట్‌రూట్ తీసింది. "ఇది ఇంకా గట్టిది. అమ్మమ్మ దీన్ని కూడా తిప్పి చూడాలి."