ఇనండేట్ అంటే

రైల్వే వర్క్‌షాప్‌లో ఫిట్టరు వినోద్ ప్రమోషన్ ఇంటర్వ్యూ కోసం ఇందా పేటలో మీనాకుమారి నడిపే స్పోకెన్ ఇంగ్లీష్ క్లాసులో చేరాడు. మొదటి రోజే ఆలస్యం. ఎందుకని ఆమె అడిగితే, కాలవ పొంగి వీధంతా "ఇనండేట్" అయిపోయిందని గర్వంగా చెప్పాడు. ఆ మాటని దార్లోనే ఫోన్లో వెతికి పట్టుకున్నాడు.

"వీధి మునిగింది, సరే. మీ ప్యాంటు ఈదుకుంటూ రాలేదేటి? పొడిగానే ఉందే," అంది మీనాకుమారి.

క్లాసంతా నవ్వింది. వినోద్‌కీ నవ్వొచ్చింది. ప్రమాదం అక్కడే మొదలైంది. ఆ తర్వాత అతను ఏనాడూ ఆలస్యంగా రాలేదు. రోజూ తిట్లు తినడానికి మొదటి బెంచీ దొరకాలి కదా మరి.

ఒకరోజు ఆమె ఆ మాటే బోర్డు మీద రాసింది. నీళ్లు ముంచెత్తడం ఒక అర్థమట. ఫోన్లు, పనులు, మెసేజీలు ఊపిరాడకుండా వచ్చి పడినా అదే మాట వాడతారట. వాక్యం చెప్పమంటే అందరూ కిటికీలోంచి ఆటోలు చూశారు. చివరికి తనే చెప్పింది: పెళ్లి సంబంధాలతో నేను ఇనండేట్ అయిపోతున్నాను.

మర్నాటి నుంచి వినోద్ క్లాసు మానేశాడు. అంత వరదలో ఫిట్టరు సంబంధం ఎక్కడ తేలుతుంది? ఫిట్టర్లకి ఇంగ్లీషెందుకని తల్లి సింహాచలమ్మ దగ్గర వేదాంతం చెప్పాడు. ఆవిడ నమ్మలేదు గానీ అన్నం పెట్టింది.

తర్వాతి వారం రెండు రోజులు ఆగకుండా వాన పడింది. న్యూ సెటిల్‌మెంట్ రైల్వే కాలనీలో కింది క్వార్టర్లలోకి నీళ్లొచ్చాయని, మీనాకుమారి తండ్రి తవిటయ్య డ్యూటీకి రాలేదని వర్క్‌షాప్‌లో అనుకున్నారు. షిఫ్టు దిగగానే వినోద్ బకెట్ పట్టుకుని అక్కడికి పోయాడు.

తవిటయ్య బియ్యం డబ్బా ఒళ్లో పెట్టుకుని మంచం మీద కూర్చున్నాడు. మీనాకుమారి చీర ఎగదోపుకుని గిన్నెతో నీళ్లు తోడుతోంది. వినోద్ ఎవరూ అడక్కుండానే పక్కన చేరి తోడసాగాడు.

"క్లాసు మానేసినారేటి?" అంది తలెత్తకుండా.

"మీకు అన్ని సంబంధాలొస్తంటే మద్దిన నానెందుకని ఒగ్గీసినాను."

ఆమె గిన్నె ఆగింది. "అది ఎగ్జాంపుల్ అండీ. వచ్చిందొక్కటే. ఆళ్లూ నా నోరు చూసి పారిపోనారు."

"నాకా నోరే కావాల."

మీనాకుమారి ఎర్రబడి, గిన్నెడు నీళ్లు తన కాళ్ల మీదే పోసుకుంది. మంచం మీద తవిటయ్య గట్టిగా దగ్గాడు.

"నానిక్కడే ఉన్నాను బావూ," అన్నాడు. "మా పిల్ల రోజూ ఇలాగే మాటాడతాది. నీకు పర్లేదంటే మీ అమ్మని తీసుకురా."

"ఎప్పుడు తెస్తారు?" మీనాకుమారి అడిగింది.

"ఈ నీళ్లు తోడీసినాక."

"అయితే బేగి తోడండి."

వినోద్ ఎంత బేగి తోడాడంటే, ఆ నీళ్లన్నీ తన గుమ్మంలోకే వస్తున్నాయని పక్కింటి దోర్కా పిన్ని మొత్తుకుంటున్నా అతనికి వినపడలేదు.