కదిలి కాల్చరాదు

“అట్ల కుదరదు,” అన్నాడు శ్రావణ్.

“ఎందుకు కుదరదు అన్నా?” అంది జ్యోత్స్న. ఆ ‘అన్నా’లో గౌరవం కంటే కారం ఎక్కువ ఉంది.

చిక్కడపల్లిలో కిషన్ రావు గారి స్టీలు సామాన్ల దుకాణం పైన ఒక గది ఉంది. ఆదివారం మధ్యాహ్నం అయ్యిందంటే అక్కడ యుద్ధమే. బల్ల నిండా గళ్ల మ్యాపు, దాని మీద అట్టముక్కల సైనికులు, లారీలు, ట్యాంకులు. కిషన్ రావు కొడుకు శ్రావణ్ బీటెక్ చదివి కింద గల్లాపెట్టె దగ్గర కూర్చుంటాడు, పైన ఈ ఆట నడుపుతాడు. అశోక్ నగర్ హాస్టళ్లలో సర్కారు నౌకర్లకు చదివేవాళ్లు కూడా వచ్చి ఆడాలని ఇంగ్లిష్ రూల్‌బుక్ మొత్తం తెలుగులో రాశాడు. ఆ తెలుగు మీద అతనికి కొంచెం గర్వం. గర్వం ఉన్నచోటే దెబ్బ తగులుతుంది.

ఆ దెబ్బ పేరు జ్యోత్స్న. జనగామ అవతలి పల్లె నుంచి వచ్చి అశోక్ నగర్‌లో గ్రూప్స్‌కు చదువుతోంది. హాస్టల్ గోడ మీద ‘ఆదివారం యుద్ధం, చాయ్ ఫ్రీ’ అన్న కాగితం చూసి వచ్చింది. చాయ్ కోసం కాదు. పొద్దున్నే వాళ్ల నాయిన ఉప్పలయ్య ఫోన్ చేసి, “మంచి సంబంధమొచ్చింది బిడ్డా. పెళ్లి చేసుకొని చదువుకో, ఎవలు వద్దన్నరు?” అన్నాడు. అప్పటి నుంచి ఆమెకు ఎవరితోనైనా యుద్ధం చేయాలనే ఉంది.

ఇప్పుడు బల్ల మీద ఆమె దళం లారీ దిగింది. దిగీదిగగానే శ్రావణ్ ట్యాంకును కాల్చింది. కాల్చి, స్కూలు గోడ వెనక్కి జరగబోయింది. అక్కడే అతను చెయ్యి అడ్డం పెట్టాడు.

“రూల్ చదవండి,” అన్నాడు. “బండి దిగిన దళం అదే వంతులో కదిలి కాల్చరాదు.”

“చదివిన. మీకే అర్థం కాలే.”

“రాసిందే నేను.”

“రాసినోళ్లకు అర్థం కావాలని ఏమున్నది? ‘కదిలి’ అంటే ఏంది? క్త్వార్థకం. ముందు అయిపోయిన పని. కదిలినంక కాల్చొద్దు అన్నరు. నేను కదలలే, కాల్చిన. ఇప్పుడు కాల్చి కదులుతున్న. అది వద్దని ఏడున్నది?”

“అంటే రెండూ చేయొద్దనే గదా దాని అర్థం. ఇంగ్లిష్‌ల సాఫ్‌గ ఉన్నది.”

“అయితే ఇంగ్లిష్ బల్ల మీద ఆడండి. తిని పండుకోవద్దు అంటడు డాక్టర్. అంటే పండుకొని లేచినంక తినొద్దనా?”

చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. శ్రావణ్ చెవులు ఎర్రబడ్డాయి. అందరూ ధర్మారావు సార్ వైపు చూశారు. లెక్కల మాస్టారుగా రిటైరైన ఆయన మాటే అక్కడ తీర్పు. ఆయన కళ్లజోడు సర్దుకుని ఆ వాక్యాన్ని బయటికి చదివారు.

“రాసింది రాసినట్టే. మనసుల ఉన్నది చెల్లదు. అమ్మాయి దళం గోడ వెనక్కి పోవచ్చు.”

దళం గోడ వెనక్కి పోయింది. ట్యాంకు పెట్టెలోకి పోయింది. ఆమె చల్లారిన చాయ్ తాగేసి, “వచ్చే ఆదివారం వస్త అన్నా,” అని చెప్పి మెట్లు దిగింది. శ్రావణ్‌కు కోపం వచ్చింది. అంతకంటే చిరాకు, వచ్చే ఆదివారం కోసం అప్పుడే ఎదురుచూస్తున్నందుకు.

తర్వాత ఆదివారాలన్నీ ఆ ఇద్దరి వాదనలే. లారీ పేలితే లోపలున్న దళం సంగతేంటి? ముళ్లకంచె దాటిన బండి కాల్చొచ్చా? ఆమె తప్పు పట్టడం, అతను దిద్దడం. దిద్దినదానిలో మళ్లీ ఆమె తప్పు పట్టడం. రూల్‌బుక్ నిండా కొట్టివేతలు. శ్రావణ్‌కు మాత్రం అది మునుపటి కంటే అందంగా కనిపించేది.

“అసలు బండి అనే మాటే తప్పు,” అంది ఒకసారి. “హైదరాబాద్‌ల బండి అంటే మోటర్‌సైకిల్. నీ ట్యాంకు బండెట్లయితది?”

జవాబు చెప్పకముందే వాన వచ్చింది. ఆమెకు నారాయణగూడలో టెస్ట్ ఉంది. శ్రావణ్ కిందికొచ్చి మోటర్‌సైకిల్ స్టార్ట్ చేశాడు.

“బండెక్కు.”

“బండెక్కిన దళం ఆ వంతులో ఇంకేం చేయరాదు. నీ రూలే.”

“ఏం చేయకు. జర కూసో చాలు.”

బ్యాగు మధ్యలో పెట్టి కూర్చుంది. నారాయణగూడ ఫ్లైఓవర్ దగ్గర ట్రాఫిక్ ఆగింది. వాన మాత్రం ఆగలేదు. ఎప్పుడు తీసిందో ఏమో, దిగేసరికి బ్యాగు మధ్యలో లేదు, ఆమె భుజాన ఉంది. “థాంక్స్ శ్రావణ్,” అని లోపలికి పరిగెత్తింది. ఇక ఆ రోజు నుంచి ఆమె నోట ‘అన్నా’ రాలేదు. అతను టెస్ట్ అయ్యేదాకా తడుస్తూ అక్కడే నిలబడ్డాడు, ఎవరూ నిలబడమనకపోయినా.

మెయిన్స్ దగ్గరపడ్డాయి. ఒక ఆదివారం ఆమె వచ్చింది గాని పాచిక ముట్టుకోలేదు.

“మా నాయినోళ్లు వస్తున్నరు, తీసుకపోతరట,” అంది. “పిలగానోళ్లు ఇంక ఆగరట. మళ్ల అదే మాట. పెళ్లి చేసుకొని చదువుకో అని.”

శ్రావణ్ గుండె జారిపోయింది. జారిన గుండెతో మాట్లాడితే మాటలు కూడా జారతాయి.

“అయితే మనమే చేసుకుందాం. మా ఇంట్ల నిన్నెవరూ చదువొద్దనరు. పెళ్లి చేసుకొని నిమ్మళంగ చదువుకో.”

అన్నాక అతనికి గర్వంగా కూడా అనిపించింది, ప్రేమ సంగతి ఎంత బాగా చెప్పానో అని.

“మా నాయిన అన్న మాట, నువ్వన్న మాట పక్కపక్కన పెట్టి చూసుకో,” అంది జ్యోత్స్న. “పిలగాడు మారిండు. వాక్యం మారలే.”

వెళ్లిపోయింది. ఫోన్ ఎత్తలేదు. మెసేజ్ చూసింది గాని జవాబివ్వలేదు. తను తప్పేమన్నాడో శ్రావణ్‌కు నిజంగానే అర్థం కాలేదు. మగపిల్లలకు కొన్ని ఆలస్యంగా అర్థమవుతాయి.

దుకాణంలో ఒకావిడ కుక్కర్ అడిగింది. అలవాటుగా, “చూసి కొనుక్కోండమ్మా,” అన్నాడు. అంటూనే ఆగిపోయాడు. కొనుక్కొని చూడండి అంటే ఈవిడ ఊరుకుంటుందా? కుక్కర్‌కు ఉన్న న్యాయం జ్యోత్స్నకు లేకపాయె. ఆవిడ “బాబూ, కుక్కర్,” అని రెండోసారి అడగాల్సి వచ్చింది.

అప్పుడే ఫోన్ తీసి రాశాడు: ‘తప్పు నాది. ఏది ముందో, ఏదెనకో, ఆ వరుస నీది. ఎంతకాలమైనా సరే.’

జవాబు రాలేదు. ఆదివారం మనిషే వచ్చింది. వెనకాల నాయిన ఉప్పలయ్య, అమ్మ దుర్గమ్మ.

“తీసుకపోతమంటున్నరు గదా,” అంది వాళ్లతో, గదిలో అందరికీ వినపడేలా. “నేనేడికి పోతున్ననో, ఏం చేస్తున్ననో చూసి మాట్లాడుండ్రి.”

కొత్తవాళ్లు మెట్లెక్కారని కింది నుంచి కిషన్ రావు, ఆయన భార్య ప్రభావతి కూడా వచ్చారు. ఉప్పలయ్య బల్ల మీది అట్టముక్కలను చూశాడు.

“సదువుకునే పిల్లవు, ఈ ఆటలేంది బిడ్డా?”

“ఆట సంగతి తర్వాత. ఒక్కటి చెప్పు నాయినా. నువ్వు దున్ని విత్తుతవా, విత్తి దున్నుతవా?”

“విత్తినంక దున్నితే మొలక ఉంటదా? పిచ్చి మాటలు.”

“మరి నాకెందుకు పెళ్లి చేసుకొని చదువుకో అంటవు? రెండూ చేస్త. ఒకటి ముందు, ఒకటెనక. ఏది ముందో నేను చెప్త. నాగలి నా చేతుల ఉన్నది.”

ఆమె చూపు దించలేదు. ఉప్పలయ్యకు కోపం వచ్చింది, దానితోపాటు పొలం కూడా గుర్తొచ్చింది.

“ఇది పుట్టినప్పటి సంది గింతే,” అంది దుర్గమ్మ. “మెట్ట రైతు బిడ్డకు దుక్కి సంగతి మనం చెప్తమా? సదవనియ్యి. పిలగానోళ్లకు నేను చెప్త.”

“ఆగుతరా వాళ్లు?”

“ఆగకుంటె పోతరు. మన గడపేం అరిగిపోదు.”

శ్రావణ్ ముందుకు వచ్చాడు. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక వెనక్కి కట్టుకున్నాడు.

“నేనాగుత,” అన్నాడు.

కిషన్ రావు కొడుకును ఎగాదిగా చూశాడు. “దేనికాగుతవ్? నీకు మంచిర్యాల సంబంధం చూసి మాటిచ్చిన, ఎరుక గదా?”

“మీరు మాటిచ్చి నన్ను అడుగుతున్నరు డాడీ. అడిగి మాటియ్యాలె. నేనైతే ఒప్పుకోను. జ్యోత్స్న వంతు అయిపోయేదాక ఆగుత. ఆమె వద్దంటే గప్పుడు వేరే మాట.”

“ఎన్నేండ్లు?”

“వంతు ఎప్పుడైతదో ఆడేటోళ్లు చెప్పాలె, చూసేటోళ్లు గాదు.”

కిషన్ రావు దిక్కు తోచక ధర్మారావు సార్‌ను చూశాడు. ఆ చిక్కడపల్లిలో ఆయన దగ్గర దెబ్బలు తిని లెక్కలు నేర్చుకున్నవాళ్లలో కిషన్ రావు కూడా ఒకడు.

“నన్ను చూడకు కిషన్,” అన్నారు సార్. “రూల్ సక్కగనే ఉన్నది.”

ప్రభావతి అప్పటికే జ్యోత్స్న చెయ్యి పట్టుకుంది. “పరీక్షలెప్పుడు బిడ్డా? హాస్టల్ల తిండి బాగుంటదా? అన్నా, వదినా, నిలబడే ఉన్నరు. చాయ్ తాగి పోండి.”

“తాగి పోతం,” అన్నాడు ఉప్పలయ్య కూర్చుంటూ. కూతురి వైపు చూడకుండా, “పోయి తాగుమంటే కుదరదు గదా,” అని గొణిగాడు. దుర్గమ్మ కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది.

చాయ్‌కి పాలు తేవడానికి శ్రావణ్ మెట్లు దిగుతుంటే జ్యోత్స్న వెనకాలే వచ్చింది. మూల మలుపు దగ్గర అతను ఆగాడు.

“ఒక్క డౌట్. నా పెళ్లి మాట నీకు నచ్చలే. నేనైనా నచ్చిన్నా? ఆ దినం ప్రేమిస్తున్న అని చెప్పనే లేదు. ముందు పెళ్లనే అన్న.”

“అగో, గదే నీ తప్పు. అన్నిట్ల వరుస తప్పుతవ్.”

“మరి నీ వరుస?”

ఆమె అతని కంటే ఒక మెట్టు పైన నిలబడి ఉంది, ఆ ఎత్తు ఆమెకు బాగా నచ్చినట్టుంది.

“ప్రేమించి చదువుతున్న,” అంది. “చదివి చేసుకుంట. మొదటి పని ఎప్పుడో అయిపోయింది మొద్దూ. క్త్వార్థకం.”