ఒకే రీలు మీద ఇద్దరు

"కట్! కట్! కట్!"

ఆ అరుపుకి అతను ఠక్కున ఆగిపోయాడు. చేతిలోని టూల్‌బాక్స్ వైపు ఒకసారి, చుట్టూ ఒకసారి చూసుకున్నాడు.

"ఏది కట్ చెయ్యాలండీ? వైరా?"

"మిమ్మల్ని!" అంది ఆమె కంటి దగ్గర నుంచి కెమెరా దించుతూ. "ఎంతసేపటి నుంచి కాచుకుని కూచున్నానో తెలుసా? వాన వెలిసింది, ఎండొచ్చింది, ఆ లావుపాటాయన నీళ్ల గుంట దూకబోయాడు. సరిగ్గా అప్పుడే మీరొచ్చి గోడలా అడ్డం నిలబడ్డారు."

"సారీ అండీ. డిలీట్ చేసేయండి."

ఆమె చూసిన చూపుకి అతని టూల్‌బాక్స్ కూడా భయపడి ఉంటుంది. "ఇది ఫోను కాదు. లోపల ఫిల్మ్ ఉంది. ఒకసారి పడితే పడినట్టే."

"అంటే నేను పడిపోయానా?"

"పడిపోయారు. నోరు తెరుచుకుని మరీ."

అతను గబుక్కున నోరు మూసుకున్నాడు. తర్వాత మెల్లగా, "లిఫ్ట్ పాడైంది ఈ బిల్డింగేనాండీ?" అన్నాడు.

అంతే, ఆమె కోపం ఎటు పోయిందో పోయింది. "లిఫ్ట్ బాగుచెయ్యడానికొచ్చారా? ఆ మాట ముందే చెప్పొద్దూ! రండి రండి, ఇటు."

ఆ మర్యాదకి కారణం నాలుగో అంతస్తులో ఉంది. పేరు బామ్మ. మోకాళ్లు మొరాయించాక ఆవిడకి మెట్లంటే పడదు. లిఫ్ట్ ఆగిపోయిన నాటి నుంచి గడప దాటలేదు. కిటికీలోంచి చూద్దామంటే ఎదురుగా ఇంకో బిల్డింగు గోడ. అందుకే మనవరాలు వీధిని ఇంటికి పట్టుకొచ్చే పని పెట్టుకుంది. జంతువుల ఆసుపత్రిలో కుక్కలకీ పిల్లులకీ చీటీలు రాసిచ్చే ఉద్యోగం నుంచి వచ్చాక, మేనమామ ఇచ్చిన అరచేయంత కెమెరాకి కీ ఇచ్చి, కనిపించిన మనిషినల్లా ఎనిమిది మిల్లీమీటర్ల ఫిల్మ్ మీదికి ఎక్కించేది. ల్యాబు నుంచి రీలు కడిగి రాగానే హాల్లో కర్టెన్లు లాగి గోడ మీద వేసేది.

"ఆ రంగుల షాపువాడు ఇంకా బోర్డు మార్చలేదేమే?" అని బామ్మ కుర్చీలో ముందుకి వంగేది. ఆ కాసేపూ ఆవిడ కింద వీధిలోనే ఉండేది.

లిఫ్ట్ పాతది. ఒక భాగం దొరికితే ఇంకోటి దొరకదు. దాంతో లిఫ్టబ్బాయి వస్తూనే ఉన్నాడు. బామ్మ అతన్ని కూచోబెట్టి కాఫీ ఇప్పించడం, "మా డైరెక్టరమ్మకి కోపం ముక్కు మీదుంటుంది, పట్టించుకోకు" అని చెప్పడం కూడా మామూలైపోయింది.

ఒకరోజు మెట్ల దగ్గర ఆమె చేతిలో చిన్న డబ్బాలాంటిది చూసి, "అదేంటండీ?" అన్నాడు.

"లైట్ మీటర్. వెలుగెంతుందో చెబుతుంది. దాన్నిబట్టి లెన్స్ తెరవాలి. ఎక్కువ తెరిస్తే బొమ్మ తెల్లగా పాలిపోతుంది, తక్కువ తెరిస్తే చీకటి. కదలకండి, చూపిస్తా."

మీటర్ని అతని మొహానికి దగ్గరగా పట్టుకుంది. చెంప మీద గ్రీజు మరక. అతని కనురెప్పల వెంట్రుకలు ఇంత పొడుగని అంతవరకూ ఎవరూ ఆమెకి చెప్పలేదు. ముల్లు ఎక్కడ ఆగిందో చూడటం మర్చిపోయింది.

"ఎంతొచ్చిందండీ?"

"ఆ... తక్కువే."

"మొహం కడుక్కుని రానా?"

ఆమెకి నవ్వు ఆగలేదు. ఆ నవ్వు చూసి అతనికి ధైర్యం వచ్చింది. "నన్ను కూడా ఒకసారి తియ్యొచ్చు కదా. ఈసారి నోరు మూసుకునే ఉంటా."

"మీ మొహం తీసి ఫిల్మ్ వేస్ట్ చేసుకోనా?"

సరదాకే అంది. కానీ అతని మొహంలో నవ్వు ఒక్క క్షణం ఆరిపోయింది. "అదీ నిజమేలెండి" అని, నుదుటికి లైటు కట్టుకుని లిఫ్ట్ గోతిలోకి దిగిపోయాడు. ఆమె నాలుక కరుచుకుంది. కరుచుకుని ఏం లాభం? వెనక్కి పిలిచి చెప్పడానికి నోరు రాలేదు.

నోటితో చెప్పలేని పని చేతులు చేశాయి. ఆ వారమంతా పై మెట్ల మీద నక్కి అతన్నే తీసింది. గోతిలో అంతా నలుపు, నడుమ లైటు పడ్డ మొహం మాత్రమే. లెన్స్ పూర్తిగా తెరిచేసింది. మొండి బోల్టు ఊడినప్పుడు అతను తనలో తనే నవ్వుకోవడం, సుత్తిని బతిమాలడం, అన్నీ తీసింది. సుత్తి దెబ్బల్లో కెమెరా చప్పుడు కలిసిపోయింది. చీకట్లో బొమ్మ ఎంత పడుతుందో టెస్ట్ చేస్తున్నానని తనకి తను సర్దిచెప్పుకుంది. రీలు ఒక వైపు అయిపోతే తిరగేసి రెండో వైపు కూడా అతనితోనే నింపేసింది. నింపి, ఫ్రిజ్‌లో కొత్త రీళ్ల పక్కన దాచిపెట్టింది.

లిఫ్ట్ కదిలిన రోజు సన్నగా చినుకులు పడుతున్నాయి. బామ్మ మంచి చీర కట్టుకుంది. ఊళ్లోనే ఉండే పెద్దమ్మ తన పేద్ద నల్ల గొడుగుతో వచ్చింది. ఇద్దరూ కిందికి దిగి, వీధిలో నిలబడి, అరచేతుల్లో చినుకులు పట్టుకుని, చిన్నపిల్లల్లా నవ్వుకున్నారు. ఆమె కళ్లు తుడుచుకుంటూ అదంతా తీసింది.

లిఫ్టబ్బాయి గోడవారగా నిలబడి చూశాడు. "ఇంక నా పనైపోయిందండీ" అన్నాడు.

ఆమె ఏదో అనబోయి ఇంకేదో అంది. "థాంక్స్. ఇక మీకు మా బిల్డింగ్ బెడద వదిలింది."

"అవునండీ," అని టూల్‌బాక్స్ ఎత్తుకుని వెళ్లిపోయాడు.

తర్వాత మళ్లీ రాలేదు. ఎందుకొస్తాడు? లిఫ్ట్ ఒక్కసారైనా మొరాయిస్తే కదా!

"ఎంత దిట్టంగా బాగుచేశాడే!" అని బామ్మ మెచ్చుకున్నప్పుడల్లా ఆమెకి ఒళ్లు మండిపోయేది.

ల్యాబు నుంచి ఆ రోజు తీసిన రీలు వచ్చిందని తెలియగానే, లిఫ్ట్‌లో అంటించిన నంబరుకి బామ్మే స్వయంగా ఫోన్ చేసింది. "నన్ను కిందికి దించినవాడివి, నువ్వు లేకుండా చూడటమేంటి? ఆదివారం సాయంత్రం రా నాయనా."

వచ్చాడు. ఇస్త్రీ చొక్కాలో, దువ్విన తలతో వచ్చి తలుపు దగ్గరి కుర్చీలో కూచున్నాడు. ఆమె తల్లి కర్టెన్లు లాగింది. ప్రొజెక్టర్ టకటకమంది. గోడ మీద వాన, వానలో బామ్మ, పక్కన పెద్దమ్మ. పెద్దమ్మ గొడుగు విప్పింది.

నల్లటి గొడుగులో పెద్ద మొహం ఒకటి వెలిగింది. నుదుటి మీద లైటు. బోల్టు ఊడిందేమో, ఎంత ముద్దుగా నవ్వుతున్నాడో!

"మీ పెద్దమ్మ గొడుగులో ఈ అబ్బాయెందుకున్నాడే?" అంది బామ్మ.

ఆమెకి అప్పుడర్థమైంది. ఈ రకం ఫిల్మ్ రెండు వైపులా తీశాక మళ్లీ మొదటి చక్రం మీదికే వచ్చి చేరుతుంది. చూడ్డానికి అచ్చం కొత్త రీలే. ఆ రోజు హడావుడిలో అతని రీలునే మళ్లీ కెమెరాకెక్కించింది! బొమ్మ మీద బొమ్మ పడి, నల్లగా ఉన్నచోటల్లా అతను తేలాడు.

బామ్మ నడిచింది, అతను నవ్వాడు. పెద్దమ్మ నల్ల చేతిసంచిలో అతను సుత్తిని బతిమాలాడు. రీలు ఆ చివర నుంచి ఈ చివరి దాకా ఇదే తంతు. అమ్మ గోడని వదిలేసి కూతురినే చూస్తోంది.

అతను లేచి గబగబా బయటికి వెళ్లిపోయాడు.

ఆమె ప్రొజెక్టర్ ఆపి పరిగెత్తింది. అతను లిఫ్ట్ ముందు నిలబడి ఉన్నాడు. బటన్ నొక్కలేదు.

"కోపమొచ్చిందా?" అంది.

"నా మొహం వేస్ట్ అన్నారు."

"అబద్ధం చెప్పాను."

"ఎంత తీశారు?"

"రీలు మొత్తం. అడక్కుండా తీశాను, తప్పే. దాని మీదే తీసి బామ్మ మొదటిసారి దిగిన రోజు కూడా పాడుచేశాను. మళ్లీ తియ్యడానికి ఆ రోజు రాదు." ఆమెకి ఏడుపొచ్చేసింది. "మీరేమో రావడమే మానేశారు."

"పాడైతే కదండీ వస్తాను!" అతను ఒక్కసారిగా ఇటు తిరిగాడు. "మీ బిల్డింగ్ నుంచి కంప్లెయింట్ వస్తుందేమోనని ఫోను చేతిలోనే పెట్టుకుని తిరిగాను. రాదే! ఇంత బాగా ఎందుకు చేశాన్రా అని నన్ను నేనే తిట్టుకున్నాను."

ఆమె ఏడుపు మధ్యలో నవ్వేసింది. "మరి ఇప్పుడెందుకు లేచొచ్చేశారు?"

"అక్కడే ఉంటే మీ అమ్మగారి ముందే అడిగేసేవాణ్ణి."

"ఏమని?"

"నేనంటే ఇష్టమేనా అని."

"గొడుగు నిండా కనిపించాక కూడా అడగాలా?" అంది ఆమె. అతని మొహం మీద వెలుగు ఎంతుందో చెప్పడానికి మీటర్ అక్కర్లేకపోయింది.

"డైరెక్టరమ్మా!" లోపల్నుంచి బామ్మ కేకేసింది. "పాడైందని ఎవరన్నారే? అతను లేకపోతే నేను దిగేదాన్నా? ఇద్దరం కలిసే పడ్డాం, బ్రహ్మాండంగా ఉంది. మళ్లీ వెయ్యి, పెద్దమ్మకి ఫోన్ చేసి చెప్పాలి నేను!"

ఇద్దరూ తలొంచుకుని లోపలికొచ్చారు. తలుపు దగ్గరి కుర్చీ అక్కడ లేదు. అమ్మ దాన్ని తెచ్చి ప్రొజెక్టర్ పక్కన, కూతురి స్టూలుకి ఆనించి వేసింది.

"కూచో బాబూ," అంది కర్టెన్ సర్దుతూ, చాలా మామూలుగా. "మీ ఇంట్లో పెద్దవాళ్లు ఏ రోజు ఖాళీగా ఉంటారు?"