నల్లనీళ్ళ కాలువలో హెలికాప్టర్

ఇలా దగ్గరకు జరుగు తల్లీ. కాలువ మీద ఇంజన్ల మోతకి నా గొంతు నీదాకా రాదు. చాప మీద కాళ్ళు చాపుకో, ఆ చిలగడదుంప కూడా తీసుకో. పులుసు పడవ హుయే సంగతి చెబుతాను. ఇందులో పిస్తోళ్ళున్నాయి, దొంగ రేడియోలున్నాయి, పట్టుచీర కట్టినట్టు నడిచే మోసగత్తె ఉంది. మధ్యలో లేవకు.

1991లో, వానలు వెనకబట్టాక, సైగాన్‌లో ఒక బట్టల దుకాణం వెనక గదికి థోమ్‌ని పిలిపించారు. థోమ్ గూఢచారి. ముప్ఫై ఎనిమిదేళ్ళ మనిషి, చూస్తే మాత్రం మన సంతలో బాతుగుడ్లు అమ్ముకునే దానిలాగే ఉండేది. అదే ఆమె బలం. పిలిపించిన పెద్దాయన్ని అందరూ చిన్ మావ అనేవారు. అసలు పేరు ఆయన పెళ్ళానికైనా తెలుసో లేదో.

"ఉమిన్ అడవిలో హెలికాప్టర్ పడిపోయింది," అన్నాడు చిన్ మావ.

"ఎప్పుడు?"

"ఇరవై మూడేళ్ళ కిందట."

"బాగా తొందరగా కబురు పెట్టారు మావా."

ఆయన నవ్వలేదు. "అది సైగాన్ సైన్యం హెలికాప్టర్. అందులో ఒక ఇనప్పెట్టె ఉంది. యుద్ధంలో రెండు వైపులా కబుర్లు మోసినవాళ్ళ పేర్ల జాబితా అందులో ఉంది. వాళ్ళంతా ఇప్పుడు తాతలు, బామ్మలు. హాంకాంగ్ ముఠా ఒకటి దానికోసం దిగింది. ఒక్కో పేరునీ పట్టుకుని బెదిరించి పీల్చి పిప్పి చేస్తారు. పెట్టె సముద్రం దాటకూడదు."

"అక్కడ మనవాళ్ళు?"

"ఇద్దరు. క్వీ అని ఉత్తరాది మనిషి. అప్పట్లో గెరిల్లా దళం రేడియో ఆపరేటర్, ఇప్పుడు అక్కడే కాపురం. ముఠా సంగతి రాసి పంపింది ఆయనే. రెండోది బిక్ త్రామ్. ముఠాలో ఉంటూ మనకు పనిచేస్తోంది."

"మనకేనా?"

"అది నువ్వే తేల్చాలి." ఆయన బల్ల మీద ఒక లిప్‌స్టిక్ పెట్టాడు. "లోపల రేడియో. పది కిలోమీటర్ల దాకా పలుకుతుంది. తడవనివ్వకు."

"నన్ను పంపేది కాలువల్లోకి మావా!"

మూడోనాటి పొద్దున థోమ్ బాతుగుడ్ల బుట్టతో మన అయిదు కాలువల పడవల సంతకు వచ్చి, హుయే పులుసు పడవ ఎక్కింది. అక్కడ ఒక ముసలాయన గిన్నెలో మూతి పెట్టుకుని ఉన్నాడు. థోమ్ కోడ్ మాట అంది: "అన్నా, ఇక్కడ ముల్లు లేని చేప దొరుకుతుందా?"

ముసలాయన తలెత్తి, బుర్ర గోక్కుని, గొంతు తగ్గించి అన్నాడు: "నేనూ ముల్లు గురించే ఏదో అనాలమ్మా. రాత్రంతా వల్లె వేశాను, పొద్దునకు పోయింది. క్వీ అంటే నేనే. కూర్చో."

హుయే గురించి చెప్పకపోతే నీకు కథ అందదు. ఆమె మొగుడు లూంగ్ గెరిల్లాలకు ఉత్తరాలు మోసేవాడు. 1968లో, మన కొత్త సంవత్సరం టెట్ పండగకు, సైగాన్ హెలికాప్టర్ ఒకటి ఊరి చివర దిగింది. అందులో లూంగ్ నిటారుగా కూర్చుని ఉండగా చూసినవాళ్ళున్నారు. అది లేచింది, ఇక ఎక్కడా దిగలేదు. దళం కాగితాల్లో 'తనంతట తానే ఎక్కాడు' అని రాశారు. అంతే. అమరుల రాయి మీద అతని పేరు లేదు. చచ్చిన రోజు ఏదో తెలియదు కాబట్టి ఏటేటా పెట్టాల్సిన భోజనం కూడా లేదు. ద్రోహి పెళ్ళాం అని సంతలో మనవాళ్ళెవరూ ఆమె పులుసు ముట్టేవారు కాదు. బయటి ఊళ్ళ బేరగాళ్ళే ఆమెను బతికించారు. ఆమెకు కావలసింది ఒక్కటే: వాడు ఎక్కాడా, ఎక్కించారా?

దానికోసమే క్వీ, సావ్ డెన్ మూడేళ్ళుగా ఆమె పడవలో కూర్చుని పాత సంగతులు తవ్వుతున్నారు. సావ్ డెన్ అవతలి సైన్యంలో హెలికాప్టర్ మెకానిక్. ఒకప్పుడు వీళ్ళిద్దరూ ఒకర్నొకరు చంపుకోవాల్సిన వాళ్ళు. ఇప్పుడు ఒకే చేపసాస్ గిన్నెలో మిరపకాయ ముంచుకునేవాళ్ళు.

"టెట్ మూడోరోజు మధ్యాహ్నం అది పడటం నా కళ్ళతో చూశాను," అన్నాడు క్వీ.

"నీ కళ్ళు అప్పుడే పోయాయి. మావాడు పడింది రెండోరోజు. నువ్వు చూసింది వేరేది," అన్నాడు సావ్ డెన్.

"అయితే నాది నేను వెతుక్కుంటా, నీది నువ్వు వెతుక్కో!"

అలా మూడేళ్ళూ రెండు హెలికాప్టర్లను రెండు అడవుల్లో వెతికారు.

ఆ రోజు వాళ్ళ పక్కనే బిక్ త్రామ్ కూర్చుని ఉంది. తెల్ల గౌను, నల్ల కళ్ళద్దాలు, బంగారు పౌడర్ డబ్బీ. కూలిన హెలికాప్టర్ పైలట్ కూతుర్నని చెప్పుకుని, తవ్వకానికి పెద్ద పడవనీ, ఇద్దరు మనుషుల్నీ కూడా తెచ్చింది. కళ్ళు ఒత్తుకుంటూ అంది: "మా ఇంట్లో ఎవరం మర్చిపోలేదు తాతా. టెట్ మూడోరోజు మధ్యాహ్నం భోజనానికి వస్తానన్న నాన్న రానేలేదు."

"విన్నావా! మూడు!" అని క్వీ తొడ చరిచాడు.

థోమ్ చేతిలోని చెంచా ఆగిపోయింది. ఆ ఒక్క ఏడాది ఉత్తరాది పంచాంగం మారి, అక్కడ పండగ మనకంటే ఒకరోజు ముందొచ్చింది. అడవిలో క్వీ ఉత్తరాది రేడియో విని రోజులు లెక్కపెట్టాడు. ఆయన మూడోరోజు, సావ్ డెన్ రెండోరోజు ఒకటే! పడింది ఒకే హెలికాప్టర్! మరి సైగాన్ పైలట్ కూతురు మూడోరోజు అని ఎందుకంటుంది? ఆ ఇంట్లో అందరికీ అది రెండోరోజే. ఈమె నాన్న కోసం ఎదురుచూడలేదు. క్వీ దళం పాత కాగితాలు చిన్ మావకు చెప్పకుండా దొంగతనంగా కొని చదివింది, అంతే. అంటే ఇది మన మనిషి కాదు, ముఠా మనిషే.

థోమ్ పంచాంగం సంగతి మాత్రం పైకి చెప్పింది. రెండోది కడుపులో దాచుకుంది. పెట్టె దొరికాక దీన్ని పట్టుకోవచ్చు అనుకుంది. గూఢచారులు చేసే తప్పే అది తల్లీ, ఒక్క పూట ఆగుదామనుకోవడం.

ముసలాళ్ళిద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు.

"మావాడి ఆఖరి రేడియో మాట నాకు గుర్తుంది," అన్నాడు సావ్ డెన్ నెమ్మదిగా. "కింద నల్లనీళ్ళు, ఎడమన బొగ్గుబట్టీల పొగ అన్నాడు."

"నేను చూసింది బట్టీల అవతల, పొద్దుకు ఎదురుగా."

అలాంటి చోటు ఒక్కటే ఉంది. నల్లనీళ్ళ కాలువ పాత మలుపు.

మర్నాడు ఆటుకు నీళ్ళు తీయగానే బురదలో తోక కనబడింది. పొద్దెక్కే దాకా తవ్వారు. పైలట్ సీటు కింద ఇనప్పెట్టె దొరికింది. వెనక సీటు దగ్గర హుయే చెయ్యి ఇనుముకు తగిలింది. సీటు కమ్మీకి వెనకనుంచి బిగించిన బేడీ. బేడీలో రెండు మణికట్ల ఎముకలు.

ఆమె ఏడవలేదు. "ఎక్కించారు," అంది. అంతే. సావ్ డెన్ ఆ కమ్మీ కోసి, బేడీతో సహా ఆమె ఒడిలో పెట్టాడు.

థోమ్ వెనక్కి తిరిగేసరికి బంగారు పౌడర్ డబ్బీ తెరుచుకుని ఉంది. అద్దం వెనకనుంచి చిటికెన వేలంత పిస్తోలు గొట్టం చూస్తోంది.

"గుడ్లమ్మీ, నీ వేషం బాగుంది," అంది బిక్ త్రామ్. "కానీ నా మూడోరోజు మాట విన్నాక నీ చెంచా ఆగింది, చూశాను. అందరూ పడవలోకి పదండి."

పెద్ద పడవ ముందు భాగంలో సరుకు గది ఉంది. నలుగురినీ అందులోకి తోసి, పైన మూతపలకకు మేకులు కొట్టారు. బిక్ త్రామ్ మనుషులిద్దరు అంతకు ముందే అడుగు పలకలో ఒక బిరడా ఊడబీకారు. సంత దాటగానే, సముద్రం వైపు మలుపులో ఆమెకోసం మరబోటు వస్తుంది. ఆమె అందులోకి దూకుతుంది, ఈ పడవ బురదలోకి దిగిపోతుంది. లెక్క సరిగ్గానే వేసింది.

లోపల చీకటి. తౌడు వాసన. చల్లటి నీళ్ళు పాదాలు దాటి పిక్కలకు వచ్చాయి. థోమ్ లిప్‌స్టిక్ తీసి మీట నొక్కింది. అది ఒక్కసారి గురగురమని, తర్వాత మూగబోయింది.

"తడిసిందా?" అన్నాడు సావ్ డెన్. "ఏ ప్రభుత్వం చేయించినా యంత్రం యంత్రమే."

అరిచారు. ఇంజన్ మోతలో తమ అరుపు తమకే వినబడలేదు. మూతను భుజాలతో ఎత్తబోయారు. మేకులు కదలలేదు. బిరడా కంతలో చొక్కా కుక్కారు. నీటి తోపుకు అది వెనక్కి వచ్చింది. నీళ్ళు నడుముకు చేరాయి. చేతులు చాస్తే నాలుగు వైపులా తడి చెక్కే. ఊపిరి కూడా ఎవరి ముందు వాళ్ళది వాళ్ళు పీల్చుకోవాల్సినట్టు ఇరుకు.

"హుయే," అన్నాడు క్వీ చీకట్లోంచి. "ఆ కాగితం రాసింది నేనే. తనంతట తానే ఎక్కాడని."

"తెలుసు. నా పడవలో బేరమాడకుండా తాగేవాడివి నువ్వొక్కడివే. అప్పుడే అనుకున్నా."

"తిట్టు."

"ఇప్పుడు తీరికెక్కడిదయ్యా? ముందు నన్ను ఎత్తి పట్టుకో. నేను పొట్టిదాన్ని. నేను మునిగినా పర్లేదు, ఇది మునిగితే వాడు మళ్ళీ ద్రోహి అయిపోతాడు." బేడీని రెండు చేతులా నెత్తిమీద పట్టుకుంది. చూడు తల్లీ, ఇరవై మూడేళ్ళు వెతికిన రుజువు ఒడిలో పడిన రోజే ఆ రుజువుతో పాటు మునగడం.

ముసలాళ్ళిద్దరూ చెరోవైపు చేరి ఆమెను మోకాళ్ళ మీద నిలబెట్టుకున్నారు. నీళ్ళు థోమ్ ఛాతీకి వచ్చాయి. అప్పుడామె భుజానికి ఒక వెదురు గెడ తగిలింది. సంతలో పడవలన్నిటికీ ముందు గెడ ఉంటుంది కదా, అమ్మే సరుకు దాని కొసన వేలాడగడతాం. బిక్ త్రామ్ కూడా సరుకు పడవలా కనబడటానికి గెడకు గుమ్మడికాయ కట్టించింది. ఆ గెడ మొదలు డెక్కు కంతలోంచి ఈ గదిలోకే దిగి ఉంది.

"అక్కా, ఎక్కడున్నాం మనం?"

హుయే చెవి పలకకు ఆన్చింది. "సంతలోనే. అదిగో, ఐసు కోసే రంపం."

"గెడ కిందికి లాగండి," అంది థోమ్.

గోడకు కొట్టిన పాత తడికలోంచి కొబ్బరాకు ఒకటి పీకి, డెక్కు కంత దగ్గర తట్టుకున్న గుమ్మడికాయ తాడు తెంపి, ఆ చోట ఆకు కట్టి, గెడను మళ్ళీ పైకి దోసింది. డెక్కు మీద ముఠావాడు ఆకును చూశాడు. గాలికి ఎగిరొచ్చి పడింది అనుకున్నాడు. హాంకాంగ్ వాడికేం తెలుసు, గెడకు కొబ్బరాకు కడితే పడవే అమ్మకానికి పెట్టినట్టని!

ఆ పూట నా చిలగడదుంపల పడవ అక్కడే ఉంది. ఆకు చూసిన వెంటనే తెడ్డు వేశాను. నేనొక్కదాన్నేనా! ఆ చివర్నుంచి ఈ చివర దాకా యాభై పడవలు ముసిరాయి. కాలువ మూసుకుపోయింది.

"ఎంతకిస్తావమ్మోయ్?"

"అమ్మడం లేదు! తప్పుకోండి!" అంది బిక్ త్రామ్.

"ఆకు కట్టి అమ్మనంటావేంటి? మాతో పరాచికాలా?"

"అబ్బే, దీని మూతి చూడండి, నీళ్ళు తాగుతోంది!" అన్నాన్నేను. "కారే పడవ మాకు అంటగడదామనా? మూత తియ్యి, అడుగు చూస్తాం."

అడుగు చూడకుండా పడవ కొనే మనిషి మన కాలువల్లో పుట్టలేదు. ముఠావాళ్ళు పిస్తోలు తీసేలోపు పది మంది డెక్కు ఎక్కేశారు. ఇటొకడు, అటొకడు నీళ్ళలో పడ్డారు. నా చేతిలో తెడ్డు ఉంది. మూత సందులో దూర్చి మీదపడ్డాను. మేకులు లేచాయి.

లోపల గడ్డం దాకా నీళ్ళు. వాటి మీద మొదట కనబడింది ఒక బేడీ, దాన్ని పట్టుకున్న రెండు చేతులు. ఆ చేతులు ఎవరివో నాకు తెలుసు. ఇరవై మూడేళ్ళుగా నేను ఆమెతో మాట్లాడలేదు తల్లీ. నేనూ ఆ సంతలో దాన్నే.

"చెయ్యి ఇయ్యవే," అన్నాను.

"ముందు ఇది పట్టుకో," అంది.

పట్టుకున్నాను. ఎముకలు చూశాను. ఇక అడగాల్సిందేమీ లేకపోయింది.

అప్పటికే మరబోటు చప్పుడు. బిక్ త్రామ్ ఇనప్పెట్టె చంకన పెట్టుకుని పడవ అంచుకు పరిగెత్తింది. నీళ్ళోడుతూ పైకొచ్చిన థోమ్‌కి చేతికందింది ఒక్కటే, గుమ్మడికాయ. విసిరింది. అది సరిగ్గా నల్ల కళ్ళద్దాల మధ్య పగిలింది. ఆమె వెల్లకిలా పడింది, మావాళ్ళు పట్టుకున్నారు. పెట్టె డెక్కు మీద పడి మూత ఊడింది. అందరం తొంగిచూశాం. కాగితం లేదు, పేరు లేదు. రెండు గుప్పెళ్ళ నల్ల బురద, అందులో బతికున్న పీత ఒకటి.

"మావా, జాబితా స్వాధీనం చేసుకున్నాం," అని థోమ్ చిన్ మావకు కబురు పంపిందట. "నడుస్తోంది."

క్వీ కొత్త కాగితం రాశాడు. తన పాత రాత తప్పని తన పేరుతోనే, సంతకం పెట్టి. మరుసటి ఏడు రాయి మీద లూంగ్ పేరు చెక్కారు. మొదటి వర్ధంతి భోజనానికి హుయే సంత మొత్తాన్నీ పిలిచింది. వెళ్ళాం. వరసగా కూర్చున్నాం, ఎవరమూ తలెత్తలేదు. ఆమె గిన్నె గిన్నెకీ పులుసు పోస్తూ నా దగ్గర ఆగింది.

"తిను, చల్లారిపోతుంది," అంది. అంతే అంది.

ఇది గుర్తుపెట్టుకో తల్లీ. నేను పోయాక నీ పిల్లలకు చెప్పు. పిస్తోళ్ళు, రేడియోలు మర్చిపోయినా ఫర్వాలేదు, గుమ్మడికాయను కాస్త పెద్దది చేసినా ఫర్వాలేదు. లూంగ్ తనంతట తాను ఎక్కలేదని మాత్రం చెప్పు. ఇంకోటి, ఆ రోజు పులుసులో ఉప్పెక్కువైంది. కళ్ళనీళ్ళేమో అని అడుగుతారు. కాదు, వంటలో ఆమె చెయ్యే అంత. అదొక్కటీ బయట చెప్పకు.